సర్వరుకు వ్రాసి ఇచ్చే చీటీ

కంప్యూటరు ఉద్యోగం చేసే పిల్లలు లేని తెలుగు ఇల్లు ఇప్పుడు అరుదు. బెంగళూరు సరే సరి! హోసూరు, బరంపురం, షోలాపూరు, యానాం... మన సంఘ సభ్యుల ఏ ఇంట్లో చూసినా ఒకరైనా ఉంటారు. శనివారం రాత్రి అందరూ టీవీ ముందు కూర్చుంటే, "ఇవాళ ఇన్‌స్టలేషను ఉందమ్మా, మీరు పడుకోండి" అని గది తలుపు దగ్గరగా వేసుకుంటారు. తలుపు సందులోంచి చూస్తే నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు. బొమ్మలు లేవు, రంగులు లేవు, మౌసు పక్కన ఊరికే పడి ఉంటుంది. నాలుగు మాటలు టైపు చేసి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చుంటారు. "ఈ మాత్రానికేనా అర్ధరాత్రి దాకా మేలుకోవడం!" అని తల్లిదండ్రులకు అనిపించడం సహజం.

ఇరవై ఏళ్ళకు పైగా నేనూ ఆ తెర ముందే కూర్చుంటున్నాను. ఆ నాలుగు మాటల వెనుక ఏముందో మన పత్రిక పాఠకులకు చెప్పాలనిపించి ఇది వ్రాస్తున్నాను. అసలు పని ఆ రాత్రి జరగదు. అంతకు ముందు పది రోజులు కూర్చుని వ్రాసిన ఒక చిన్న ఫైలులో జరుగుతుంది.

సర్వరు అంటే ఏదో బీరువా అంత యంత్రమని చాలామంది అనుకుంటారు. నిజానికి సర్వరు ఒక ప్రోగ్రాము. అడిగినవారికి అడిగింది అందించడం దాని పని. అది నడిచే కంప్యూటరును కూడా సర్వరు అనే పిలుస్తున్నాం. వాటిలో డేటాబేసు సర్వరు అనేది పాతకాలపు గుమాస్తా వంటిది. ఖాతాలన్నీ తన దగ్గర పెట్టుకుని, కౌంటరులో కూర్చున్నవాళ్ళు ఫలానా సభ్యుడి పద్దు కావాలంటే తీసి చూపిస్తుంది, కొత్త పద్దు చెబితే వ్రాసుకుంటుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్ అటువంటి గుమాస్తా. నాకు బాగా అలవాటైనది అదే కాబట్టి దాని సంగతే చెబుతాను.

ఈ గుమాస్తాను కొత్త కంప్యూటరులో కూర్చోబెట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది అందరికీ తెలిసినదే. సెటప్ మీద నొక్కితే తెర తర్వాత తెర వస్తుంది. ఏయే భాగాలు కావాలి? పేరేం పెట్టాలి? ఖాతాలు ఏ డ్రైవులో ఉంచాలి? పెత్తనం ఎవరికి? ఒక్కోదానికి జవాబు చెప్పి "నెక్స్ట్" నొక్కుతూ పోవాలి. ఏమీ తోచకపోయినా "నెక్స్ట్" నొక్కవచ్చు! చాలామంది చేసేది అదే.

రెండో దారి చీటీ. పూర్వం నెల సరుకులకు శెట్టిగారి అంగడికి వెళ్ళి నిలబడితే ఆయన ఒక్కొక్కటీ అడిగేవారు. బియ్యం ఏవి? పప్పు ఎంత? నూనె ఏది? తీరిక లేని ఇల్లాలు అన్నీ ఒక చీటీ మీద వ్రాసి పిల్లవాడి చేతికి ఇచ్చి పంపేది. వాడు నోరు విప్పనక్కర లేదు, శెట్టిగారు ప్రశ్న వేయనక్కర లేదు. సర్వరు విషయంలోనూ అంతే. సెటప్ అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక ఫైలులో వ్రాసి పెడతాం. నల్లటి తెర మీద "ఇదిగో ఫైలు, ఇందులో ఉన్నట్టు చెయ్యి" అని ఒక్క వాక్యం టైపు చేస్తాం. దీన్నే పారామీటరు ఫైలు అంటారు. మైక్రోసాఫ్ట్ వారు కాన్ఫిగరేషన్ ఫైలు అంటారు, ఒరాకిల్ వారు రెస్పాన్స్ ఫైలు అంటారు. పేరు ఏదైతేనేం, చీటీ చీటీయే.

చీటీతో ఒక చిక్కుంది. అందులో ఉత్త "పప్పు రెండు కిలోలు" అని వ్రాస్తే ఏ పప్పు వస్తుంది? శెట్టిగారి చేతికి ఏది అందితే అది పొట్లం కడతారు. మనం చెప్పని చోట కంప్యూటరు తనంతట తాను తీసుకునే నిర్ణయాన్ని డిఫాల్టు అంటారు. కందిపప్పుకు బదులు పెసరపప్పు వస్తే మర్నాడు మార్చుకోవచ్చు. సర్వరు విషయంలో కొన్ని డిఫాల్టులు అలా మార్చుకోవడానికి వీలయ్యేవి కావు.

పేరుకు బదులు ప్రశ్నార్థకాలు

కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో 14 శాఖలున్న ఒక సహకార పరపతి సంఘం మమ్మల్ని పిలిపించింది 2021లో. పేరు అనవసరం. ఆ ప్రాంతం సంగతి కర్ణాటక పాఠకులకు తెలిసిందే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. సభ్యుల్లో పాతతరం వాళ్ళు చాలామంది సంతకం తెలుగులో చేస్తారు. అందుకని ఆ సంఘం పాసుపుస్తకంలో సభ్యుని పేరు కన్నడంలోనూ, కోరినవారికి తెలుగులోనూ అచ్చు వేసి ఇద్దామనుకుంది. ప్రోగ్రాము వ్రాసిన సంస్థ మరొకటి. శాఖల్లో సర్వర్లు పెట్టింది కూడా వాళ్ళే. వాళ్ళ మనుషులు ఒక్కో శాఖకు వెళ్ళి "నెక్స్ట్, నెక్స్ట్" నొక్కి వచ్చారు.

బాగేపల్లి వైపు ఒక శాఖలో నేను కూర్చుని ఉండగా ఒక పెద్దావిడ కొత్త పాసుపుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. పేరు ఉండవలసిన చోట వరుసగా ప్రశ్నార్థకాలు. ఆమెకు ఇంగ్లీషు రాదు గాని ఆ గుర్తు ఏమిటో తెలుసు. మనుమడి పుస్తకాల్లో చూసిందట.

"ఏమప్పా, నా పేరు నన్నే అడగతా ఉందా ఈ పుస్తకం?" అంది.

కౌంటరులో అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. డబ్బు దాచుకున్న పుస్తకంలో తన పేరు లేదు. రేపు ఆ డబ్బు తనదేనని ఎలా చెప్పాలి? ఆమె అడిగినదాంట్లో అన్యాయమేముంది?

ఇది ఎందుకు జరిగిందో కాస్త వివరంగా చెప్పాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్ పెట్టేటప్పుడు అడిగే ప్రశ్నల్లో "కొలేషన్" అని ఒకటుంది. అక్షరాలను ఏ వరుసలో పేర్చాలి, పెద్దబడి చిన్నబడి ఇంగ్లీషు అక్షరాలను ఒకటిగా చూడాలా వేరుగా చూడాలా అన్న సంగతులతో పాటు, మామూలు అక్షరాల గడిలో ఏ లిపులు పట్టాలి అన్నది కూడా దాన్నిబట్టే తేలుతుంది. అమెరికా ఇంగ్లీషుకు సర్దిన విండోస్ మీద డిఫాల్టుగా వచ్చే కొలేషన్ 1252 అనే పట్టికను వాడుతుంది. ఒక్క బైటుతో 256 గుర్తులకు మించి చెప్పలేము. కనుక ఆ పట్టికలో పశ్చిమ ఐరోపా భాషల అక్షరాలు సర్దేసరికే చోటు నిండిపోయింది. తెలుగుకు అందులో ఒక్క గడి కూడా లేదు. అక్కడ తెలుగు అక్షరం వచ్చి పడితే సర్వరు దానికి బదులు ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. తప్పు జరిగిందని చెప్పదు, గంట కొట్టదు.

"లక్ష్మి" అన్న పేరు తీసుకోండి. మన కంటికి రెండు అక్షరాలు. యూనికోడు లెక్కలో ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, గుడి — మొత్తం ఏడు. కాబట్టి ఏడు ప్రశ్నార్థకాలు. ఏడు గుర్తులున్న ఏ పేరైనా ఇలాగే కనిపిస్తుంది. అన్నిటికంటే బాధాకరమైన సంగతి, అలా మారిన పేరును వెనక్కు తెప్పించే ఉపాయం లేదు. అక్షరాలు ఎక్కడో దాక్కుని ఉండవు. పోయినవి పోయినట్టే.

యూనికోడులో తెలుగుకు చోటు 1991 నుంచీ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కూడా 1998లో వచ్చిన 7వ సంచిక నుంచి యూనికోడు కోసం ప్రత్యేకమైన గడులున్నాయి. అయితే ప్రోగ్రాము వ్రాసేవారు ఆ గడులనే ఎంచుకోవాలి, పేరు పంపేటప్పుడు దాని ముందు ఎన్ అనే అక్షరం కూడా చేర్చాలి. ఆ అక్షరం మరిస్తే, గడి సరైనదే అయినా దారిలోనే పేరు ప్రశ్నార్థకాలైపోతుంది. ఆ సంస్థ వ్రాసిన ప్రోగ్రాములో గడులూ పాతవే, ఎన్ కూడా లేదు. అంత ప్రోగ్రామునూ తిరగ వ్రాయాలంటే వాళ్ళు అడిగిన సొమ్ము విని సంఘం అధ్యక్షులు మంచినీళ్ళు తెప్పించుకున్నారు.

మరో మార్గం 2019 సంచికతో వచ్చింది. మామూలు గడుల్లోనే అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 కొలేషన్లు అందులో చేర్చారు. సర్వరు పెట్టేటప్పుడే ఆ కొలేషన్ చెబితే, దాని మీద కొత్తగా తెరిచే ఖాతాలన్నిటికీ అదే వస్తుంది. ప్రోగ్రాము జోలికి దాదాపు పోనక్కర లేదు. కాని అందులో కూడా ఒక లెక్క ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు పడతాయి. 20 బైట్ల గడిలో ఇంగ్లీషు పేరు హాయిగా ఇమిడిపోతుంది. మన "లక్ష్మి"కి 21 కావాలి! ఒక్క బైటు తక్కువై పేరు లోపలికి వెళ్ళదు. అందుకని పేర్ల గడులన్నీ మూడింతలు వెడల్పు చేయించాం. ఆ మార్పుకు ఆ సంస్థ పెద్దగా అడగలేదు.

పద్నాలుగు చోట్ల పద్నాలుగు రకాలు

"అన్నా, ఒక్క కొలేషన్ మార్చడానికి ఇంత హడావుడి ఎందుకు? ఉన్న సర్వర్లలోనే మార్చేస్తే పోదా?" అన్నాడు మా జట్టులోని ముల్బాగల్ కుర్రవాడు.

మంచి ప్రశ్నే. సర్వరు కొలేషన్ అనేది గోడ రంగు కాదు, పునాది. మార్చాలంటే సర్వరు సొంతంగా పెట్టుకునే ఖాతాలను మళ్ళీ మొదటినుంచి కట్టించాలి. మన ఖాతాల్లోని సమాచారాన్ని బయటికి తీసి మళ్ళీ పోయాలి. ఎవరెవరికి తలుపు తీయాలన్న లాగిన్ల పట్టీ మళ్ళీ తయారు చేయాలి. అంత చేసేకంటే కొత్తగా పెట్టడమే నయం.

పైగా శాఖలన్నీ తిరిగి చూస్తే మరొక వింత బయటపడింది. 14 చోట్లా ఒకే కొలేషన్ లేదు. సెటప్ తన డిఫాల్టును విండోస్ ఏ ప్రాంతానికి సర్ది ఉందో చూసి నిర్ణయిస్తుంది. అమెరికా ఇంగ్లీషు ఉంటే ఒకటి, బ్రిటన్ ఇంగ్లీషు ఉంటే వేరొకటి. కంప్యూటర్లు తలా ఒక అంగడిలో కొన్నవి. అమ్మినవాడు ఎలా సర్ది ఇచ్చాడో దాన్నిబట్టి సర్వరు తయారైంది. అన్నిచోట్లా ఒకే విధంగా "నెక్స్ట్" నొక్కినా ఒకే సర్వరు రాలేదన్నమాట! ప్రధాన కార్యాలయంలో తయారైన ఖాతాను శాఖకు తెచ్చి పెడితే, దాని కొలేషన్ ఒకటి, ఆ శాఖ సర్వరుది ఒకటి. నెలాఖరు వడ్డీ లెక్క కొన్ని శాఖల్లో సాఫీగా నడిచేది, కొన్నిచోట్ల "కొలేషన్ల మధ్య తగవు తీర్చలేను" అన్న అర్థం వచ్చే సందేశంతో ఆగిపోయేది. గుమాస్తాలు పాపం చేతితో లెక్క కట్టుకునేవారు.

చీటీ అవసరం అక్కడ నాకు మరీ స్పష్టంగా కనిపించింది. సమయం కలిసివస్తుందనే అందరూ దాన్ని మెచ్చుకుంటారు. కలిసివచ్చే మాట నిజమే. కాని 14 చోట్ల 14 మంది, 14 మూడ్‌లలో ఉండి చెప్పే జవాబులు ఒకటిగా ఉండాలంటే వ్రాతలో ఉండడం తప్ప దారి లేదు.

ఫైలు ఎలా ఉంటుందో కొంత చూపిస్తాను. మన పత్రిక కోసం తెలుగు అక్షరాల్లో వేస్తున్నాను గాని అసలు ఫైలులో అన్నీ ఇంగ్లీషు అక్షరాలే.

[ఆప్షన్స్]
; ఈ వరుస మనుషుల కోసం
యాక్షన్="ఇన్‌స్టాల్"
ఫీచర్స్="ఎస్‌క్యూఎల్‌ఇంజిన్"
ఇన్‌స్టెన్స్‌నేమ్="ఎస్‌క్యూఎల్‌ఎక్స్‌ప్రెస్"
ఎస్‌క్యూఎల్‌కొలేషన్="లాటిన్1_జనరల్_100_సీఐ_ఏఎస్_ఎస్‌సీ_యూటీఎఫ్8"
టీసీపీఎనేబుల్డ్="1"

ఇంతే. ఎడమ పక్క ప్రశ్న, కుడి పక్క కొటేషన్లలో జవాబు. సెమికోలన్‌తో మొదలైన వరుసను సెటప్ పట్టించుకోదు. అది మన కోసం వ్రాసుకునేది.

ఇదంతా చేతితో వ్రాయనక్కర లేదు. ఒక కంప్యూటరులో మామూలుగా తెర తర్వాత తెర దాటుకుంటూ వెళ్ళి, చిట్టచివర "ఇక మొదలుపెట్టనా?" అన్న తెర దగ్గర ఆగితే, మనం చెప్పిన జవాబులన్నీ ఏ ఫైలులో వ్రాసి పెట్టిందో ఆ తెరే చూపిస్తుంది. ఫైలు తీసుకుని, సెటప్‌ను రద్దు చేసుకోవచ్చు. ప్రతి జవాబు పైనా అది దేనికో ఒక వాక్యం వివరణ కూడా ఉంటుంది. పాస్‌వర్డులను మాత్రం అందులో వ్రాయదు. అది మెచ్చుకోదగ్గ జాగ్రత్త.

దాన్ని ఉన్నదున్నట్టుగా వాడితే మొదటిసారే మొరాయిస్తుంది. తెరలు చూపుతూ నడిచిన సెటప్ కదా, "యూఐమోడ్" అని తెరల తీరు గురించి ఒక వరుస అందులో ఉంటుంది. మౌనంగా పని చెయ్యమని ఒక పక్క చెబుతూ, తెరలు ఇలా చూపు అని మరో పక్క చెబితే దానికి కుదరదు. ఆ వరుస ముందు ఒక సెమికోలన్ పెడితే సరిపోతుంది. ఈ చిన్న విషయం తెలియక గంటలు పోగొట్టుకున్నవాళ్ళను ఎందరినో చూశాను.

మౌనంలోనూ రెండు రకాలున్నాయి. "క్యూ" అంటే పూర్తి మౌనవ్రతం, తెర మీద ఏమీ కనిపించదు. "క్యూఎస్" అంటే ఏమీ అడగదు గాని ఎంతవరకు వచ్చిందో చూపిస్తూ ఉంటుంది. శాఖల్లో రెండోదే వాడాలని నా అభిప్రాయం. వెనుక నిలబడిన మేనేజరుగారికి ఏదో కదులుతున్నట్టు కనబడాలి కదా! ఈ రెంటిలో ఏది వాడినా లైసెన్సు షరతులకు ఒప్పుకుంటున్నానని కమాండులోనే వ్రాయాలి. ఆ మాట చూడాలి మీరు: "నేను ఎస్‌క్యూఎల్ సర్వర్ లైసెన్సు షరతులను అంగీకరిస్తున్నాను" అన్న అర్థంలో ఇంగ్లీషు పదాలన్నీ మధ్యలో ఖాళీ లేకుండా కలిపేసిన ఒకే పదం. మన తాళపత్ర గ్రంథాల్లో పదాల మధ్య ఎడం లేకుండా వ్రాసేవారు, అదే గుర్తుకొస్తుంది నాకు.

ఇక కమాండు సంగతి. సెటప్ పేరు, క్యూఎస్, ఆ పొడుగాటి అంగీకారం, చివర ఫైలు ఎక్కడుందో చెప్పే మాట. ఒక్క వరుసలో అయిపోయింది. తలుపు సందులోంచి మీకు కనిపించే నాలుగు మాటలు ఇవే.

చీటీలో ఏం వ్రాయాలి

పదిరోజులూ మా సమయమంతా తిన్నది జవాబుల గురించిన చర్చే. ఒక్కో వరుస ముందు ఆగి, "ఇది ఇలా ఎందుకు?" అని ఒకరినొకరం అడిగాం.

పెత్తనం ఎవరిది అన్న వరుస ఉంది. పాత సర్వర్లలో చాలాచోట్ల, వచ్చి పెట్టి వెళ్ళిన మనిషి లాగిన్ ఒక్కటే పెత్తందారు. ఆయన ఆ సంస్థ వదిలి ఎప్పుడో వెళ్ళిపోయాడు. తాళంచెవి పట్టుకుపోయినట్టే. కొత్త చీటీలో మనిషి పేరు పెట్టకుండా ఆ కంప్యూటరు అడ్మినిస్ట్రేటర్ల గుంపు పేరు పెట్టాం. గుంపులోకి ఎవరు వచ్చినా ఎవరు పోయినా గుంపు ఉంటుంది.

చివరి వరుస చూశారు కదా, "టీసీపీఎనేబుల్డ్". శాఖల్లో వాడింది ఉచితంగా దొరికే ఎక్స్‌ప్రెస్ రకం. 2019 సంచికలో దీనికి ఒక్కో ఖాతా 10 జీబీ దాటకూడదన్న పరిమితి ఉంది, చిన్న శాఖకు అది ధారాళం. కాని ఎక్స్‌ప్రెస్ పెట్టగానే బయటి కంప్యూటర్ల నుంచి వచ్చే దారి మూసి ఉంటుంది. సర్వరు ముందు కూర్చుని చూస్తే అంతా బాగుంటుంది. పక్క కౌంటరు నుంచి అడిగితే ఉలకదు పలకదు. అందుకే ఆ "1". దానితో పాటు, పేరు చెప్పి అడిగినవారికి ఏ తలుపు తట్టాలో చెప్పే బ్రౌజర్ సర్వీసు అని ఒకటుంది. అది కంప్యూటరుతో పాటే లేచేలా మరో వరుస వ్రాశాం. విండోస్ ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వడం ఈ చీటీ పరిధిలోకి రాదు. అది విడిగా చేసుకోవాలి.

ఖాతాలు ఉంచే చోటు డి డ్రైవు అని వ్రాశాం. తీరా విచారిస్తే మూడు శాఖల కంప్యూటర్లలో డి డ్రైవే లేదు! ఆ మూడింటి కోసం వేరే ఫైళ్ళు చేద్దామన్నాడు మా కుర్రవాడు. నేను వద్దన్నాను. చీటీలు నాలుగైతే వాటిలో ఏది అసలుదో రెండేళ్ళ తర్వాత ఎవరికీ తెలియదు. సెటప్‌లో ఒక సదుపాయముంది. ఫైలులో ఒకటి వ్రాసి, కమాండులో అదే ప్రశ్నకు మరో జవాబు చెబితే కమాండులోనిదే చెల్లుతుంది. చీటీ ఇచ్చి పంపుతూ "పప్పు మాత్రం ఈసారి కిలో చాలన్నదని చెప్పు" అని నోటిమాటగా చెప్పి పంపినట్టు. ఆ మూడు శాఖలకూ చోటు మాత్రం కమాండులో చెప్పాం. ఫైలు ఒకటే నిలిచింది.

పాస్‌వర్డు విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. "ఫైలులోనే వ్రాసేస్తే పని సులువు కదా సార్" అని సంఘం కార్యదర్శిగారే అన్నారు. చీటీ పదిమంది చేతుల్లో తిరుగుతుంది, పెన్‌డ్రైవుల్లోకి ఎక్కుతుంది, ఈమెయిల్లో పోతుంది. దానిలో ఇనప్పెట్టె తాళం కట్టి పంపుతామా? పెట్టే సమయంలో అక్కడికక్కడ టైపు చేయించాం. శాఖకు ఒక పాస్‌వర్డు, కాగితం మీద వ్రాసి, కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, శాఖ ఇనప్పెట్టెలోనే ఉంచారు. లక్క వేయాలన్నది కార్యదర్శిగారి ముచ్చట.

ఆ శనివారాలు

14 శాఖలూ నాలుగు శనివారాల్లో పూర్తయ్యాయి. ఇందులో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, ఉండకూడదు కూడా. మొదట కార్యాలయంలోనే ఒక ఖాళీ కంప్యూటరులో మూడుసార్లు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకున్నాం. ఊళ్ళలో నెట్టు నెమ్మది కనుక సామానంతా పెన్‌డ్రైవులో పట్టుకెళ్ళాం.

సెటప్ ఆగిపోయిందంటే పని అయిందని అర్థం కాదు. అది వెళుతూ వెళుతూ ఒక అంకె చెప్పి వెళుతుంది. సున్నా అయితే క్షేమం. 3010 అయితే పని అయింది గాని కంప్యూటరును ఒకసారి ఆపి లేపమని. మరేదైనా అయితే "సమ్మరీ" అనే లాగ్ ఫైలు తెరిచి చదవాలి. ఏ మెట్టు దగ్గర ఏమైందో అందులో వ్రాసి ఉంటుంది. మౌనంగా జరిగిన పనికి ఆ కాగితమే సాక్షి. ఆపైన సర్వరునే "నీ కొలేషన్ ఏమిటి?" అని అడిగే ప్రశ్న ఒకటుంది, ఒక వరుస. ప్రతి శాఖలో ఆ ప్రశ్న వేసి, వచ్చిన జవాబును ఫైలులోని వరుసతో పోల్చి, టిక్కు పెట్టుకున్నాం. 14 చోట్లా ఒకే జవాబు వచ్చింది.

అసలు శ్రమ ఆ తర్వాతిది. ప్రశ్నార్థకాలైన పేర్లు తిరిగి రావని చెప్పాను కదా. సభ్యులుగా చేరినప్పుడు ఇచ్చిన దరఖాస్తు ఫారాల కట్టలు అటక మీద నుంచి దింపించి, ఒక్కొక్క పేరూ చూసి మళ్ళీ టైపు చేయవలసి వచ్చింది. నెలలు పట్టింది. తెలుగు టైపు వచ్చినవాళ్ళు శాఖల్లో తక్కువ. ఇద్దరు రిటైర్డు టీచర్లు వచ్చి కూర్చుని చేసిపెట్టారు. కొన్ని ఫారాల్లో పేరు చెదపురుగులు తినేశాయి. ఆ సభ్యుల ఇళ్ళకు మనుషులను పంపి అడిగి వ్రాసుకున్నారు. పెట్టేనాడే ఒక్క వరుస సరిగా వ్రాసి ఉంటే ఇన్ని చేతుల శ్రమ లేకపోయేది.

చీటీ పద్ధతి మైక్రోసాఫ్ట్ వారి సొత్తేమీ కాదు. రెడ్ హ్యాట్ లినక్స్‌లో దీన్ని కిక్‌స్టార్ట్ అంటారు. అందులో నాకు చాలా నచ్చిన గుణం ఒకటుంది. మనం చేతితో ప్రశ్నలకు జవాబులు చెప్పి పెట్టినా, చివర్లో అది ఆ జవాబులన్నిటినీ ఫైలుగా వ్రాసి రూట్ గదిలో వదిలిపెడుతుంది. పెట్టినవాడు మరిచినా యంత్రం మరవదు. డెబియన్‌లో ప్రిసీడ్ అంటారు. ఒరాకిల్‌లో రెస్పాన్స్ ఫైలుతో సైలెంట్ అని చెప్పి నడిపిస్తారు. యూనిక్స్, లినక్స్ యంత్రాల మీదైతే, చివర రూట్ అధికారంతో ఒక చిన్న స్క్రిప్టు నడిపితేగాని ముగియదు. ఇంకా వెనక్కి వెళితే, 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టం 360 కాలంలోనూ యంత్రానికి చెప్పవలసినవన్నీ ముందే కార్డుల మీద రంధ్రాలు కొట్టి కట్టగా ఇచ్చేవారు. నల్లటి తెరను చూసి ఇదేదో కొత్త విద్య అనుకోనక్కర లేదు.

ఆ ముల్బాగల్ కుర్రవాడు ఫైలులో ప్రతి ముఖ్యమైన వరుస పైనా సెమికోలన్ పెట్టి, ఆ జవాబు ఎందుకు ఎంచుకున్నామో ఒక వాక్యం వ్రాశాడు. కొలేషన్ వరుస పైన మాత్రం మూడు వాక్యాలున్నాయి, ఇది మార్చకండి, మారిస్తే సభ్యుల పేర్లు పోతాయి అని. ఫైలును అచ్చు తీసి సంఘం ప్రధాన కార్యాలయంలో రిజిస్టర్లున్న బీరువాలో ఒక ప్రతి పెట్టించాం.

2023లో సంఘం 15వ శాఖ తెరిచింది. అప్పటికి ఆ కుర్రవాడు పుణెలో వేరే ఉద్యోగంలో చేరిపోయాడు. నేనూ ఆ పని చూడటం లేదు. సంఘంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి ఆ ఫైలు పట్టుకుని వెళ్ళి సర్వరు పెట్టింది. రాత్రి తొమ్మిదిన్నరకు నాకు ఫోను చేసింది. ఏదో చిక్కు వచ్చిందనుకుని లేచి కూర్చున్నాను.

"ఏం లేదు సార్, అంతా అయిపోయింది. కవరుకు వేయడానికి లక్క ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని" అంది.